చర్చి గంటకి ముప్పైమూడు దెబ్బలు

పుల్లమ్మ పగబడితే తాచుపాము కూడా వచ్చి పాఠం చెప్పించుకుని పోతుందని ఆ ఊళ్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది ఎవరో కాదు, ఆమె మొగుడు శాంతయ్యే. ఆమె పుట్టిల్లు వీరులపాడు దగ్గర. పదిహేడేళ్లకి పెనుగంచిప్రోలు దాటాక మున్నేటి ఒడ్డున ఉన్న ఈ ఊరికి కాపురానికి వచ్చింది. వచ్చిన నెలలోనే అత్తగారు చేపల పులుసులో తనకి తోకముక్క వేసి, ఆడబిడ్డకి నడిముక్క వేసిందట. అంతే, ఆ అత్త కన్నుమూసేదాకా తొమ్మిదేళ్లు ఆ ఇంట్లో చేప ముట్టలేదు. పోయిన మూడో రోజున తనే కొని తెచ్చి, తనే వండి, నడిముక్కలన్నీ తనే వేసుకుని తింది. అలాంటి మనిషి కథ ఇది. మెత్తటివాళ్ల కథలు కావాలంటే ఇంకోచోట వెతుక్కోండి.

శాంతయ్య మాత్రం పేరుకి తగ్గట్టే ఉండేవాడు. కూలికి పోయేవాడు, ఆదివారాలు చర్చి గంట కొట్టేవాడు. ఇరవై రెండేళ్లు ఆ గంట తాడు ఇంకొకరి చేతికి పోలేదు. గుడ్ ఫ్రైడే నాడైతే ఆయన పని పెద్దది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద పన్నెండింటి నుంచి మూడింటి దాకా ఏడుగురు మాట్లాడతారు. ఆ మూడు గంటలూ ఎవరూ లేచి బయటికి పోకూడదు, మాట్లాడేవాళ్లకి ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఆరో మాట అయ్యాక గంటకి ముప్పైమూడు దెబ్బలు పడతాయి, ప్రభువు ఈ భూమ్మీద బతికిన ఏళ్లన్ని. ఆ తర్వాత పాస్టరు గారు ఏడో మాట చెప్పి ప్రార్థన చేస్తారు. దెబ్బ తప్పకూడదని శాంతయ్య ముప్పైమూడు చింతగింజలు ఒక గుడ్డసంచిలో పెట్టుకునేవాడు. ఒక దెబ్బ, ఒక గింజ కిటికీ గట్టు మీదికి. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

ఏడాదిన్నర కిందట మున్నేటికి వరద వచ్చింది. అప్పుడు శాంతయ్య ఏటి అవతల రత్నబాబు కౌలుకి చేస్తున్న మిరపతోట దగ్గర కాపలా ఉంటున్నాడు. ఈ రత్నబాబు గురించి చెప్పాలి. వరసకి శాంతయ్యకి తమ్ముడు, పుల్లమ్మకి మరిది. మిరపకోతలకి ఆడకూలీలని తీసుకెళ్లే ముఠా మేస్త్రి, చర్చి సంఘ పెద్ద. తెల్ల చొక్కా నలగదు, మాట తొట్రుపడదు. ఆ రోజు పొద్దున పదింటికి శాంతయ్య ఇంటికి ఫోన్ చేశాడు. ఏరు పొంగుతోందనీ, రత్నబాబు ట్రాక్టరేసుకుని వచ్చాడనీ, ఎరువు బస్తాలూ ఆయిలింజనూ ఎక్కిస్తున్నాననీ, బరువెక్కువైంది కాబట్టి అవి దించి మళ్లీ వచ్చి తనని తీసుకెళ్తానన్నాడనీ చెప్పాడు. మధ్యాహ్నానికి ఏరు దాటే చప్టా మునిగింది. మూడో రోజున కిందూరి తుమ్మచెట్ల మధ్య శాంతయ్య దొరికాడు.

రత్నబాబు ఏమన్నాడో తెలుసా? ఆ రోజు తను ఏరే దాటలేదన్నాడు. బస్తాలు ముందురోజే తెచ్చుకున్నానన్నాడు. దుఃఖంలో వదిన ఏదో విని ఏదో అనుకుంటోంది, ప్రభువు ఆదరించాలి అని సమాధి దగ్గర కళ్లు కూడా తుడుచుకున్నాడు. సంఘం తలూపింది. ఫోన్లో ఎవరు చేశారో కనపడుతుంది కానీ ఏం మాట్లాడారో కనపడదు కదా. మోసి పెట్టిన మనిషిని అవతల ఒడ్డునే వదిలేసి, ఏరు దాటాక తెప్ప తగలేసినవాడు సంఘ పెద్దగానే మిగిలాడు. ఆ పైన చర్చి గంట తాడు కూడా తనే అందుకున్నాడు. అన్న చేసిన సేవ అట, తమ్ముడు కొనసాగించాలట.

అప్పటి నుంచి పుల్లమ్మకి కావలసింది ఒక్కటే. సంఘమంతా వినేలా, "నేను వెళ్లా, వదిలేసి వచ్చా" అనే మాట రత్నబాబు నోటి నుంచి ఊడిపడాలి. మన్నింపూ గిన్నింపూ ఆమె మనసులో లేవు. వాడు చావాలని కూడా కోరుకోలేదు, చస్తే చెప్పడానికి నోరుండదని. వాడి ముఠాలో పనికి పోవడం మానేసింది. జగ్గయ్యపేటలో ఒక గిడ్డంగిలో మిరపకాయల తొడిమలు తీసే పనికి కుదిరి, రోజూ ఆటోలో పోయి వస్తోంది. చేతులు సాయంత్రానికి నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. ఆ మంట తగ్గకుండానే ఇంటికొచ్చి, ఆ చేతుల్తోనే మొగుడి చింతగింజల సంచి తీసి చూసుకునేది. కంచికచర్లలో కాపురముంటున్న కూతురు సూసన్, అమ్మా ఇక వదిలెయ్, నా దగ్గరికొచ్చెయ్ అని ప్రతి ఆదివారం ఫోన్లో బతిమాలేది. పనైపోయాక వస్తానని పుల్లమ్మ జవాబు. ఏం పని అని సూసన్ అడిగేది కాదు.

చర్చికి మాత్రం మానలేదు. మానితే వాడికే హాయి. ప్రతి వారం వాడికి ఎదురుగా, ఆడవాళ్ల వైపు మొదటి వరసలో కూర్చుని వాడినే చూసేది. పోయిన గుడ్ ఫ్రైడేకి రత్నబాబు మొదటిసారి ఆ ముప్పైమూడు దెబ్బలు కొట్టాడు. కొట్టలేదు. ఇరవైతొమ్మిదికే తాడు వదిలేసి భుజం నొక్కుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఎవరూ లెక్కపెట్టలేదు, ఒక్క పుల్లమ్మ తప్ప. ఆమె ఒళ్లో నాలుగు చింతగింజలు మిగిలిపోయాయి. మొగుడు పోయినప్పుడు ఎంత ఏడ్చిందో ఆ నాలుగు గింజల్ని చూసి అంత ఏడ్చింది. వాడి బుద్ధే అంత, ఏదీ చివరిదాకా చెయ్యడు అనుకుంది. పగ అప్పటిదాకా పొయ్యిలో ఉంది, ఆ రోజు నుంచి అన్నంలోకి వచ్చింది.

ఈ ఏడాది గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే మట్టలాదివారం నాడు స్త్రీల సమాజం తరఫున ఒక మాట తను చెబుతానని లేచి నిలబడింది. పుల్లమ్మ ఎన్నడూ ప్రసంగం చెప్పే పుల్పిట్ ఎక్కలేదు. అయినా మొగుడు పోయిన మనిషి, కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ సంఘంలో మొదటి మాట ఎప్పుడూ సంఘ పెద్దది. ఏడోది పాస్టరు గారిది. మధ్య ఐదూ చీట్లు వేసి, కానుకల సంచిలో కలిపి, తీసుకోమంటారు. వచ్చిన మాట మార్చుకోవడం ఆనవాయితీలో లేదు. పుల్లమ్మ మనసంతా మొదటి మాట మీదే ఉంది, క్షమించమని ప్రభువు తండ్రిని అడిగిన మాట. తెలియక చేస్తున్నారు కాబట్టి క్షమించమన్నాడాయన. తెలిసి చేసినవాడి సంగతేంటని పుల్పిట్ ఎక్కి అడగాలని ఆమె కోరిక. అది రత్నబాబు దగ్గరుంది. ఆమె చీటీలో ఆరు వచ్చింది, పని ముగిసిందని ప్రభువు పలికిన మాట.

ఆ మాటతో రత్నబాబుని ఎలా కొట్టాలో ఆమెకి అర్థం కాలేదు. బుధవారం పని మానుకుని పాస్టరు గారి ఇంటికి వెళ్లింది. ఆయన కుర్రవాడు, నందిగామ నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఊరి పాత గొడవలు సగమే తెలుసు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. అది ప్రాణం పోతోందని అన్న మాట కాదు. ఓడిపోయానని అన్నది అసలే కాదు. లోకం పుట్టకముందే తండ్రి ఒకటి సంకల్పించాడు, చెడి దూరమైన మనుషుల్ని మళ్లీ తన దగ్గరికి చేర్చుకోవాలని. ప్రవక్తలు వచ్చారు, రాజులు వచ్చారు, ఎవరి వల్లా అది కాలేదు. చివరికి కొడుకే దిగి వచ్చాడు. ఆ పని పూర్తి చేసి ఆ మాట అన్నాడు.

"మధ్యలో తప్పించుకునే వీలుందాండీ ఆయనకి?" అని అడిగింది పుల్లమ్మ.

"ఉందమ్మా. ముందు రాత్రి తోటలో అడిగాడు కూడా, వీలైతే ఇది నాకు తప్పించమని. చెమటలు పట్టేంత భయపడ్డాడు. అయినా తండ్రి అనుకున్నదే జరగనీ అని ముందుకే వెళ్లాడు."

"భయమేసినా వచ్చాడు."

"అవును."

"వస్తానని చెప్పిన మాటకి వచ్చాడు. బస్తాలేసుకుని పోలా."

పాస్టరు గారు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మెల్లగా, ఆయన వచ్చింది అందరి కోసమూ అన్నాడు. రత్నబాబు కోసం కూడానా అని అడిగింది. కూడా అన్నాడు. ఆ జవాబు పుల్లమ్మకి నచ్చలేదు. అయినా మిగతా అంతా బాగానే దొరికింది కాబట్టి, దండం పెట్టి వచ్చేసింది. దారిపొడుగునా ఆమెకి ఒళ్లంతా తేలికగా ఉంది. కత్తి దొరికింది, అదీ ప్రభువు చేతిలోంచే దొరికింది.

శుక్రవారం ఎండ పదింటికే పేల్చేస్తోంది. అందరూ తెల్లబట్టల్లో వచ్చారు. ఫ్యాన్లు వేడిగాలే తిప్పుతున్నాయి. పన్నెండింటికి తలుపులు మూశారు. రత్నబాబు మొదటి మాట అందుకుని పాతిక నిమిషాలు చెప్పాడు. మనిషి అజ్ఞాని అన్నాడు, మనం ఎరగక ఎన్నో చేస్తాం అన్నాడు, పగ గుండెలో పెట్టుకున్నవాళ్లు తమ గుండెనే కాల్చుకుంటారు అని ఆడవాళ్ల మొదటి వరస వైపు జాలిగా చూశాడు. పుల్లమ్మ కొంగు చివర గింజల సంచిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. లేచి ఆ తెల్ల చొక్కా పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఆరో మాట దాకా ఆగింది, రెండున్నర గంటలు, మంచినీళ్లు కూడా తాగకుండా.

ఆమె వంతు వచ్చేసరికి సగంమంది కునుకుతున్నారు. పుల్పిట్ దగ్గర నిలబడి, కాగితం లేకుండా మొదలుపెట్టింది. పాస్టరు గారు చెప్పిందంతా తన మాటల్లో చెప్పింది. ఇవతల ఒడ్డున క్షేమంగా ఉన్న కొడుకుని, అవతల చిక్కుబడ్డవాళ్ల కోసం తండ్రి పంపాడంది. నీళ్లు పొంగుతున్నాయని తెలిసీ ఆ కొడుకు దిగాడంది. ఆయన దగ్గర కూడా వదిలెయ్యడానికి సాకులు చాలా ఉన్నాయంది. మెలకువగా ఉన్నవాళ్లు ఆమెన్ ఆమెన్ అన్నారు. వాళ్లు ఆమెని మెచ్చుకుంటున్నారు. ఆమె కళ్లు మాత్రం ఎదుటి వరసలో ఒక్కడి మీదే ఉన్నాయి.

"మళ్లీ వస్తా, ఇక్కడే ఉండు అని చెప్పి పోయేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు," అంది. "చెప్పి వచ్చినవాడు ఆయనొక్కడే. అందుకే పనైపోయిందనే మాట ఆయన నోట్లోనే ఒప్పుద్ది. సగం పని చేసినవాళ్ల నోటికి ఆ మాట రాదు."

ఎవరి పేరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రత్నబాబు లేచి నిలబడ్డాడు. ఆనవాయితీ ప్రకారం మాట్లాడేవాళ్లకి అడ్డు చెప్పకూడదు. అయినా చెప్పాడు.

"వదినా, ఇది దేవుడి సన్నిధి. ఇంటి గొడవలు ఇక్కడికి తేవద్దు. ఆ రోజు నేను ఏరు దాటలేదని ఎన్నిసార్లు చెప్పా? అన్న నీకు ఫోన్ చేసి ఏం చెప్పాడో నీ ఒక్కదానికే తెలుసు. నువ్వు మొత్తం చెప్పావని మేమెట్టా నమ్మేది?"

కునుకుతున్నవాళ్లు కూడా కళ్లు తెరిచారు. వాడన్న ఆ చివరి ముక్క నిజం. ఆమె మొత్తం చెప్పలేదు. సూసన్‌కి కూడా చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఏడాదిన్నరగా ఆ ఒక్క మాటనీ లోపలే కుక్కుకుంది. దాన్ని కుక్కడానికే అంత పగ కావలసి వచ్చిందేమో. పుల్పిట్ చెక్కని రెండు చేతుల్తో పట్టుకుంది. ఇప్పుడు ఆపి దిగిపోతే తన పనీ సగమే. వాడికీ తనకీ తేడా ఉండదు. ఆరో మాట చెప్పడానికి ఎక్కి సగంలో దిగడం ఆమె వల్ల కాలేదు.

"చెప్పలా," అంది. "ఇప్పుడు చెప్తా. ఆయన ఫోన్ చేసినప్పుడు చప్టా మీద నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయి. నడిచి వచ్చేస్తానే పుల్లీ అన్నాడు. నేనే వద్దన్నా. రత్నబాబు సంఘ పెద్ద, మాటిచ్చాడంటే వస్తాడు, నువ్వు ఈ వయసులో నీళ్లలో దిగొద్దు, ఉండు అన్నా. నా మాటిని ఉన్నాడు. నడిచొస్తే బతికేవాడు. నిన్ను నమ్మి నేను ఆయన్ని చంపుకున్నా రత్నబాబూ. ఇదీ మొత్తం. ఇప్పుడు నీ మొత్తం నువ్వు చెప్పు."

పాస్టరు గారు లేవబోయి ఆగిపోయాడు. రత్నబాబు పాస్టరు గారిని చూడలేదు, సంఘాన్ని చూడలేదు. నేలని చూస్తూ చెప్పాడు.

"వచ్చా వదినా. బస్తాలు దించి మళ్లీ చప్టా దాకా వచ్చా. అప్పటికి నీళ్లు నడుం దాటాయి. అవతల ఒడ్డున అన్న నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు. కేకేశాడు. నా పేరు పెట్టి కేకేశాడు. నేను ట్రాక్టర్ వెనక్కి తిప్పా."

ఏడాదిన్నర ఎదురుచూసిన మాట. ఆ మాట ఆమె చెవిలో పడగానే ఏమనిపించిందో దాచాల్సిన పనిలేదు. తియ్యగా ఉంది. ఆరు నెలలు ఉపవాసమున్నవాడికి అన్నం పెట్టినంత తియ్యగా ఉంది. ఆ వెంటనే తువ్వాలు ఊపుతున్న శాంతయ్య కళ్లముందుకి వచ్చాడు. గట్టిగా మాట్లాడటమే ఎరగని మనిషి కేక వేశాడంటే ఎంత భయపడి ఉంటాడు. ఆ తీపి గొంతు దిగకుండానే చేదైపోయింది. పుల్లమ్మ ఏడవలేదు. వాడి ముందు ఏడవనని ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

ఆరో మాట అయింది. గంట కొట్టాలి. ఎవరూ కదలలేదు. రత్నబాబు అక్కడే కుర్చీలో కూలబడి, తను ఇక ఆ తాడు ముట్టడానికి పనికిరాననీ, ఇంకెవరినైనా కొట్టమనండనీ గొణిగాడు. సంఘంలో ఇద్దరు ముగ్గురు సరేనన్నట్టు లేచారు కూడా. పుల్లమ్మ పుల్పిట్ దిగి వచ్చి వాళ్లని చేత్తో ఆపింది.

"వాడే కొడతాడు. లే రత్నబాబూ."

వాడు లేచాడు. ఆమె వెనకే కిటికీ దగ్గరికి నడిచాడు. ఆమె కొంగు ముడి విప్పి, సంచి తీసి, చింతగింజలు కిటికీ గట్టు మీద పోసింది. వాడు తాడు లాగాడు. ఒక్కో దెబ్బకి ఆమె ఒక్కో గింజని ఈ చివర నుంచి ఆ చివరకి జరిపింది. పదికి వాడి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇరవైకి తాడుని రెండు చేతులకీ చుట్టుకుని లాగాడు. వాడు ఏడుస్తున్నాడు, ఏడుపు దెబ్బకీ దెబ్బకీ మధ్య వినపడుతోంది. ఆమెకి జాలి వేయలేదు. ఇరవైతొమ్మిదో దెబ్బకి వాడి చెయ్యి అలవాటు పడ్డట్టే ఆగిపోయింది.

"ఇంకా నాలుగు," అంది పుల్లమ్మ.

"చెయ్యి లేవట్లేదు వదినా."

"ఆయనవి మేకులు దిగిన చేతులు. ఇంకా నాలుగు."

ముప్పై, ముప్పైఒకటి. ముప్పైరెండుకి తాడు వాడి అరచేతుల్లోంచి జారింది. ఆమె దాన్ని పట్టుకుని మళ్లీ వాడి చేతికి అందించింది. ముప్పైమూడోది పడ్డాక చాలాసేపు ఆ మోత ఊరి మీద ఉండిపోయింది. గట్టు మీద ఇటువైపు ఒక్క గింజా మిగల్లేదు. ఆమె అన్నిటినీ లెక్కపెట్టి సంచిలోకి తీసుకుని ముడి వేసుకుంది.

రత్నబాబు గోడకి ఆనుకుని, నన్ను క్షమించావా వదినా అని అడిగాడు. ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగాడు.

"పని పూర్తి చేసింది ఆయన," అంది పుల్లమ్మ. "నాది ఇంకా కాలా. వచ్చే ఏడు కూడా నువ్వే కొడతావు. ఆ పైయేడు కూడా. నేను పక్కన నిలబడి లెక్కపెడతా. నాకెప్పుడు అయిపోయిందనిపిస్తే అప్పుడు చెప్తా."

వాడు తలూపాడు. ఆమె వెళ్లి మొదటి వరసలో తన చోట కూర్చుంది. పాస్టరు గారు ఏడో మాట చెప్పడానికి లేచాడు.